బెంగళూరు అపార్టుమెంట్లలో ఆరుబయటి కోర్టుకు యాక్రిలిక్ పూత: నేల పరీక్ష నుంచి గీతల దాకా

బెంగళూరులో మన తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే వైట్‌ఫీల్డ్, మారతహళ్ళి, సర్జాపూర్ రోడ్డు ప్రాంతాల్లో టెన్నిస్ కోర్టో బాస్కెట్‌బాల్ కోర్టో లేని పెద్ద అపార్టుమెంటు సముదాయం అరుదు. కొత్తలో నీలం, ఆకుపచ్చ రంగులతో కళకళలాడిన ఆ కోర్టుల్లో చాలావాటి మీద కొన్ని వానాకాలాలు గడిచేసరికి బొబ్బలు లేస్తాయి, పూత పెచ్చులుగా ఊడుతుంది, వాన వెలిసి గంటలు గడిచినా నీళ్ళు మడుగులుగా నిలిచి ఉంటాయి. అప్పుడు సంఘం సమావేశం జరుగుతుంది. ఏ కంపెనీ రంగు వేయించాలన్న దాని మీద చాలాసేపు చర్చ నడుస్తుంది గాని, పాత రంగు ఎందుకు ఊడిందన్న ప్రశ్న దగ్గర ఎవరూ ఆగరు. మామూలు యాక్రిలిక్ పూత మొత్తం మందం 1 నుంచి 2 మిల్లీమీటర్లు మాత్రమే. అంత పలచని పొర కింద ఉన్న నేలలోని ఏ లోపాన్నీ సరిదిద్దలేదు, ఎక్కువ కాలం దాచలేదు కూడా. అందుకే ఈ మార్గదర్శిలో రంగు వేసే పనికన్నా దానికి ముందు జరగవలసిన పరీక్షలకే ఎక్కువ చోటు ఇస్తున్నాను. సంఘం తరఫున పనిని దగ్గరుండి చూసుకునేవారిని దృష్టిలో పెట్టుకుని దీన్ని రాశాను.

పూతలో ఏముంటుంది

ఈ పూత నీటి ఆధారితం. నీటిలో తేలే అతి సూక్ష్మమైన యాక్రిలిక్ రేణువులు, రంగు పొడులు, ఖనిజ పొడులు, వాటితో పాటు సన్నని సిలికా ఇసుక ఇందులో ఉంటాయి. నీరు ఆవిరైపోతున్న కొద్దీ రేణువులు దగ్గరపడి, ఒకదానిలో ఒకటి కలిసిపోయి గట్టి పొరగా మారతాయి. చలి ఎక్కువైనా, గాలిలో తేమ ఎక్కువైనా, పొర గట్టిపడేలోపే వాన పడినా పని చెడిపోవడానికి కారణం ఇదే.

కింది నుంచి పైకి చూస్తే మొదట కాంక్రీటు లేదా తారు నేల, దాని మీద అవసరమైతే ప్రైమర్, ఆ పైన ఒకటి లేదా రెండు కోట్ల (అంటే పూత పొరల) రీసర్ఫేసర్, ఆ తర్వాత రెండు లేదా మూడు కోట్ల రంగు, చివరగా తెల్ల గీతలు వస్తాయి. రీసర్ఫేసర్ పని నేల మీది సన్నని రంధ్రాలను, గరుకును పూడ్చి అంతటా ఒకే తీరు ఉపరితలాన్ని ఇవ్వడం. మోకాళ్ళకు ఊరట కావాలనుకునేవారు రీసర్ఫేసర్‌కూ రంగుకూ మధ్య రబ్బరు రేణువులు కలిపిన కుషన్ కోట్లు వేయించుకోవచ్చు. ఖర్చు బాగా పెరుగుతుంది, నేల విషయంలో మాత్రం ఏ మినహాయింపూ దొరకదు.

ఇసుక గురించి ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఆటగాడి బూటుకు పట్టు ఇచ్చేదీ, బంతి వేగాన్ని నిర్ణయించేదీ ఇసుకే. ముతక ఇసుక ఎక్కువైతే బంతి నేలను తాకినప్పుడు వేగం తగ్గుతుంది, సన్నని ఇసుకైతే బంతి దూసుకుపోతుంది. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య కోర్టు ఉపరితలాలను నెమ్మది నుంచి వేగం దాకా 5 తరగతులుగా విభజించింది. పిల్లలూ పెద్దలూ కలిసి ఆడే అపార్టుమెంటు కోర్టుకు మధ్యస్థమైన తరగతి చాలు. మెరుపు కోసం పై కోటులో ఇసుక మానేస్తామని కాంట్రాక్టరు చెబితే ఒప్పుకోవద్దు. చినుకు పడగానే అలాంటి కోర్టు జారుడు బండ అవుతుంది. నిర్మాణ పనులకు వాడే ఎం-శాండ్ (రాతిని నలగ్గొట్టి తయారుచేసే ఇసుక) కూడా దీనికి పనికిరాదు. అందులో పొడి ఎక్కువ, రేణువుల అంచులు పదును, పరిమాణం ఒక తీరుగా ఉండదు. రీసర్ఫేసర్‌కు సాధారణంగా 60–80 మెష్, రంగు కోట్లకు 80–120 మెష్ (జల్లెడ కొలత, సంఖ్య పెరిగేకొద్దీ ఇసుక సన్నన) పరిమాణంలో కడిగి ఆరబెట్టిన సిలికా ఇసుక కావాలి.

కాలం చూసుకోవడం

బెంగళూరులో వానలు మే నుంచే మొదలై సెప్టెంబరు, అక్టోబరుల్లో ఉద్ధృతమవుతాయి. ఈశాన్య రుతుపవనాల ప్రభావం నవంబరు దాకా, ఒక్కోసారి డిసెంబరు దాకా ఉంటుంది. ఆ తడి కాంక్రీటులోంచి వెళ్ళిపోవడానికి కొంత కాలం పడుతుంది కాబట్టి, సంక్రాంతి పండుగ వెళ్ళాక మొదలుపెట్టి ఉగాదికి ముందే పూర్తి చేసుకోవడం మంచిది. ఏప్రిల్, మే నెలల్లో ఉదయమంతా ఎండ కాసి సాయంత్రానికి ఉరుముల వాన ముంచెత్తడం ఈ ఊరివారందరికీ తెలిసిందే. ఆ నెలల్లో పని తప్పకపోతే ఏ రోజు కోటునైనా మధ్యాహ్నానికల్లా ముగించి, సాయంత్రంలోపు ఆరేటట్టు చూసుకోవాలి.

జనవరి తెల్లవారుజామున మంచు పడుతుంది. నేల మీది చెమ్మ పూర్తిగా ఆరాకే డ్రమ్ము తెరవాలి. గాలి ఉష్ణోగ్రత కనీసం 10 డిగ్రీలు ఉండి, అది పెరుగుతున్న దశలో ఉండాలన్నది ఈ పూతలకు సాధారణ నియమం. పగటి వేళ బెంగళూరులో ఆ సమస్య రాదు. ఇబ్బంది మార్చి మధ్యాహ్నపు ఎండతోనే. కాలిన నేల మీద పోసిన మిశ్రమంలోని నీరు క్షణాల్లో ఆవిరైపోయి పొర సరిగా అతుక్కోదు, స్క్వీజీ (పూతను పరిచే వెడల్పాటి రబ్బరు పట్టీ) లాగిన చారలు మిగిలిపోతాయి. అలాంటి రోజుల్లో నేల మీద నీళ్ళను పొగమంచులా చల్లి, మడుగు కట్టకుండా కేవలం చల్లబరిచి, ఆ వెంటనే కోటు లాగుతారు.

మొదటి మెట్టు: కింద ఏ నేల ఉందో తెలుసుకోవడం

మీ కోర్టు నేల మీద ఉందా, బేస్‌మెంటు పార్కింగు పైకప్పు మీద ఉందా అన్నది అన్నిటికన్నా ముందు తేల్చుకోవాలి. బెంగళూరు అపార్టుమెంట్లలో రెండో రకమే ఎక్కువగా కనిపిస్తుంది, చిక్కులు కూడా దానితోనే ఎక్కువ.

నేల మీద కొత్తగా కాంక్రీటు వేయిస్తుంటే, బాగా దిమ్మిస చేసిన మట్టి, కంకర పొరల మీద మందపాటి పాలిథీన్ షీటు పరచి, దాని మీద కనీసం 100 మిల్లీమీటర్ల మందాన కాంక్రీటు పోయాలి. ఆ షీటును అనవసరపు ఖర్చని తీసేయించేవారు ఉన్నారు. భూమిలోని చెమ్మ కాంక్రీటు గుండా పైకి రాకుండా ఆపేది అదొక్కటే, తర్వాత దాన్ని వేసే దారి ఉండదు. బెల్లందూరు, వర్తూరు చుట్టుపక్కల చెరువుల అంచున మట్టి నింపి లేపిన స్థలాల్లో ఈ జాగ్రత్త మరీ అవసరం. అక్కడ నింపిన మట్టి కుంగే ప్రమాదమూ ఉంది కాబట్టి మట్టి పరీక్ష చేయించకుండా ముందుకు పోకూడదు.

కాంక్రీటు పైభాగాన్ని యంత్రంతో అద్దంలా రుద్దించవద్దు, మెత్తని చీపురు గీత మిగిలేలా ముగించాలి. క్యూరింగు (కాంక్రీటు గట్టిపడేదాకా తడిగా ఉంచడం) నీళ్ళతోనే జరగాలి. రసాయన క్యూరింగు ద్రవాలు పైన కనిపించని పొరగా మిగిలి పూతను అంటనివ్వవు. పోసిన తర్వాత కనీసం 28 రోజులు గడిచేదాకా పూత మాట ఎత్తకూడదు. తారు నేల అయితే దానిలోని నూనెలు ఎగిరిపోవడానికి రెండు నుంచి నాలుగు వారాలు వదిలేయాలి.

బేస్‌మెంటు పైకప్పు మీద కోర్టు అయితే రెండు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. పైకప్పు మీద వాటర్‌ప్రూఫింగు పొర ఎక్కడ ఉంది, దాని మీద ఎంత మందాన స్క్రీడు (సమం చేయడానికి పోసే సిమెంటు పొర) ఉంది అన్నది మొదటిది. ఇంకెంత బరువు ఆ పైకప్పు మోయగలదు అన్నది రెండోది. రెండో ప్రశ్న ఎందుకు ముఖ్యమో తర్వాతి మెట్టులో లెక్కతో తెలుస్తుంది.

రెండో మెట్టు: వాటం, నీటి మడుగులు

యాక్రిలిక్ పూత నీటిని ఇంకనివ్వదు. పడిన ప్రతి చుక్కా పక్కకు జారిపోవలసిందే. అందుకు కోర్టు మొత్తం ఒకే తలంగా, ఒకే వైపుకు, ప్రతి 100 నుంచి 120 సెంటీమీటర్లకు 1 సెంటీమీటరు చొప్పున వాలి ఉండాలి. వెడల్పు వైపుకు వాటం ఇవ్వడం ఉత్తమం, ఎందుకంటే నీరు తక్కువ దూరం ప్రవహిస్తుంది, రెండు పక్కల ఆటగాళ్ళకూ వాలు ఒకే తీరుగా ఉంటుంది. నెట్టు దగ్గర ఎత్తుగా ఉండి రెండు వైపులకూ వాలే మధ్య గట్టు పద్ధతి టెన్నిస్‌కు పనికిరాదు. నెట్టు వైపే వాలి మధ్యలో కాలువ ఉండే పద్ధతి అంతకన్నా దారుణం.

టెన్నిస్‌కు చుట్టూ ఖాళీతో కలిపి సాధారణంగా తీసుకునే కొలత 36.57 మీటర్ల పొడవు, 18.29 మీటర్ల వెడల్పు, అంటే సుమారు 669 చదరపు మీటర్లు. వెడల్పు వైపుకు 120కి 1 వాటం ఇస్తే ఒక అంచు కన్నా మరో అంచు 15 సెంటీమీటర్లకు కాస్త పైన ఎత్తులో ఉంటుంది. చదునుగా పోసిన పైకప్పు మీద ఆ వాటాన్ని కాంక్రీటుతో తెద్దామంటే సగటున 7.6 సెంటీమీటర్ల మందం అదనంగా పడుతుంది, అది సుమారు 51 ఘనపు మీటర్లు, బరువులో 120 టన్నులకు పైమాటే. స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం లేకుండా అంత బరువును పార్కింగు మీద పెట్టడం ఎవరికీ తగదు. ఇంజనీరు కాదంటే తేలికపాటి పూరణ సామగ్రి గురించి ఆయన్నే అడగాలి. మేస్త్రీ చెప్పిన ఉజ్జాయింపుతో మందం తగ్గించి సరిపెట్టడం పరిష్కారం కాదు.

ఇప్పుడున్న నేలను పరీక్షించడానికి రసమట్టం, పొడవాటి అల్యూమినియం పట్టీ ఎంత ఉపయోగపడినా, నీళ్ళను మించిన సాక్షి లేదు. ఎండ ఉన్న రోజు కోర్టంతా తడిసేలా పైపుతో నీళ్ళు పట్టి ఒక గంట వదిలేయండి. గంట తర్వాత కూడా 2 మిల్లీమీటర్ల లోతుకు మించి నీరు నిలిచిన ప్రతి చోటా సుద్దతో చుట్టూ గీత గీయండి. స్టీలు స్కేలు నిలబెట్టి లోతు చూసి గీత పక్కనే రాయండి, ఫోటోలు తీసి ఉంచండి. ఈ గుంటలను యాక్రిలిక్ ప్యాచ్ బైండరు, సిలికా ఇసుక, సిమెంటు కలిపిన మిశ్రమంతో పూడుస్తారు. గుంటలోని దుమ్మంతా తీసి, నీళ్ళు కలిపిన బైండరును ముందు పూసి, మిశ్రమం వేసి పట్టీతో సమం చేసి, అంచులు చుట్టుపక్కల నేలలో కలిసిపోయేలా పలచగా లాగాలి. లోతు ఎక్కువైతే ఒకేసారి నింపకుండా పొరలు పొరలుగా వేసి, ఒక్కో పొరనూ ఆరనివ్వాలి.

పూడ్చిన తర్వాత మళ్ళీ నీళ్ళు పట్టి చూడాలి. ఈ రెండో పరీక్షను కాంట్రాక్టర్లు సాధారణంగా ఎగ్గొడతారు, ఎందుకంటే నేల ఆరడానికి మరో రోజు పోతుంది. ఆ ఒక్క రోజు పోనివ్వండి.

మూడో మెట్టు: తేమ

బొబ్బలకు ప్రధాన కారణం కింది నుంచి వచ్చే తేమ. ఎండ వేడికి కాంక్రీటులోని నీరు ఆవిరై పైకి తోస్తుంది. పూత దాన్ని వచ్చినంత వేగంగా బయటికి వదలలేక లేచిపోతుంది. దీన్ని ముందే పట్టుకునే పరీక్ష చాలా చవక. 45 సెంటీమీటర్ల చదరపు పారదర్శక పాలిథీన్ ముక్కను నేల మీద పరచి, నాలుగు అంచులనూ గాలి చొరకుండా టేపుతో అంటించి, కనీసం 16 గంటలు వదిలేయాలి. తీసి చూసినప్పుడు షీటు లోపలి వైపున నీటి బిందువులు కనిపించినా, కింద కాంక్రీటు ముదురు రంగుకు తిరిగినా తేమ ఉన్నట్టే. సుమారు 46 చదరపు మీటర్లకు ఒకటి చొప్పున చేయాలి కాబట్టి టెన్నిస్ కోర్టుకు 14 లేదా 15 చోట్ల వేయవలసి వస్తుంది. ఒకటి రెండు చోట్ల వేసి సరేననుకోవడం వల్ల ప్రయోజనం లేదు.

బేస్‌మెంటు మీది కోర్టుల్లో ముఖ్యంగా మొక్కల తొట్లను, లాన్‌ను ఆనుకున్న అంచుల దగ్గర ఈ పరీక్ష తప్పనిసరి. కోర్టు పక్కనే కట్టిన పూల గట్టుకు రోజూ నీళ్ళు పోస్తారు. ఆ గట్టు లోపలి వాటర్‌ప్రూఫింగు పాడైతే నీరు స్క్రీడు కింద పాకి కోర్టు మధ్య దాకా వస్తుంది. బొబ్బలు ఒకే అంచున వరుసగా లేస్తున్నాయంటే ముందు అనుమానించవలసింది ఆ తొట్టినే. దాన్ని బాగు చేయకుండా ఎన్నిసార్లు రంగు వేసినా అదే చోట ఊడుతుంది. కాంక్రీటు మీద తెల్లటి ఉప్పు పొడి తేలుతున్నా అది నీటి కదలికకు గుర్తే.

తేమ కనబడితే మొదట మూలాన్ని ఆపాలి, తర్వాత ఎండకు వదిలి మళ్ళీ పరీక్షించాలి. మూలాన్ని ఆపే దారి లేనప్పుడు తేమను నిలువరించే ఎపాక్సీ ప్రైమర్లు ఉన్నాయి, ఖరీదైనవి. వాటిని వాడేటట్టయితే అవి తమ యాక్రిలిక్ కింద పనిచేస్తాయని పూత తయారీదారు చేత రాయించుకోవాలి.

నాలుగో మెట్టు: పగుళ్ళు

వెంట్రుక వాసి పగుళ్ళను రీసర్ఫేసర్ పూడుస్తుంది. అంతకన్నా వెడల్పైనవాటిని కాస్త తెరిచి, గాలితో దుమ్ము ఊది, యాక్రిలిక్ క్రాక్ ఫిల్లరుతో నింపి, ఆరి కుంగాక మరోసారి నింపి సమం చేయాలి. కదిలే పగుళ్ళు వేరు. నేల కుంగడం వల్లో, ఎండకూ చలికీ కాంక్రీటు సాగి ముడుచుకోవడం వల్లో తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే పగులును ఏ ఫిల్లరూ శాశ్వతంగా ఆపలేదు. అలాంటి చోట పగులు పొడవునా ప్రత్యేకమైన వల గుడ్డను అంటించి, కింది కదలిక పైపొరకు చేరకుండా చేసే పద్ధతి ఉంది. పగుళ్ళు మళ్ళీ రావని ఎవరైనా హామీ ఇస్తే ఆ హామీని నమ్మి అదనంగా డబ్బు ఇవ్వవద్దు. కాంక్రీటులో కోసి వదిలిన జాయింట్లను కూడా రంగుతో మూసేయకూడదు. కొత్త కోర్టు అయితే జాయింటు నెట్టు గీత కిందికి వచ్చేలా ముందే ప్రణాళిక వేయించుకోవాలి.

ఐదో మెట్టు: శుభ్రం చేయడం

పాత పూత ఉంటే, ఊడుతున్న ప్రతి పెచ్చునూ గట్టి భాగం తగిలేదాకా గీకి తీసేయాలి. ఆ తర్వాత పీడనపు నీటితో కడగాలి. నీడ పడే మూలల్లో పాచి, బూజు ఉంటే బ్లీచింగు ద్రావణం వేసి కాసేపు ఉంచి కడిగేయాలి. చంపకుండా పైన రంగు వేస్తే పాచి మీది పూత నిలవదు.

మరీ నున్నగా ఉన్న కాంక్రీటు మీద కొన్ని నీటి చుక్కలు వేసి చూడండి. నీరు పీల్చుకోకుండా ముత్యంలా నిలిచిందంటే పైన నూనెనో, క్యూరింగు రసాయనమో ఉన్నట్టు, లేదా నేల మరీ నున్నగా ఉన్నట్టు. అప్పుడు గ్రైండింగు యంత్రంతో పైపొరను గరుకు చేయించడం నాకు నచ్చే మార్గం. పలచని ఆమ్లంతో కడగడం చవక గాని, చేతికి గ్లౌజులు, కళ్ళకు అద్దాలు, ఆమ్లాన్ని నీటిలోకే పోయడం, చివర పుష్కలంగా నీటితో కడిగి ఆమ్లపు జాడ లేకుండా చేయడం వంటి క్రమశిక్షణ దానికి కావాలి. బెంగళూరులో పెద్ద సముదాయాలకు వాననీటి సేకరణ తప్పనిసరి కాబట్టి కోర్టు నీరు వెళ్ళే కాలువ చాలా చోట్ల నేరుగా ఇంకుడు బావికే కలుస్తుంది. ఆమ్లపు నీటినీ, పరికరాలు కడిగిన యాక్రిలిక్ నీటినీ అందులోకి పోనివ్వకూడదు. పని జరిగినన్ని రోజులూ ఆ తూమును మూసి, కడిగిన నీటిని వేరుగా పట్టించాలి.

నేల ఆరాక, కాంక్రీటు అయితే తయారీదారు చెప్పిన ప్రైమరును పలచగా పూయాలి. ప్రైమరు వేసిన భాగాన్ని అదే రోజు, అది ఇంకా పట్టు కోల్పోకముందే, రీసర్ఫేసర్‌తో కప్పవలసి ఉంటుంది. ఎంత గడువులోపన్నది తయారీదారు ఇచ్చే డేటా షీటులో ఉంటుంది.

ఆరో మెట్టు: సరుకు లెక్క, ఒప్పందం

కొటేషన్లలో 5 పొరలు, 7 పొరలు, 8 పొరలు అని పోటీగా రాస్తారు. పొరల సంఖ్యను పట్టించుకోవద్దు. నీళ్ళు ఎక్కువ కలిపి ఎన్ని పొరలైనా లాగవచ్చు. చదరపు మీటరుకు నీళ్ళు కలపని సరుకు ఎన్ని లీటర్లు పడుతుందో అడగాలి. ఉదాహరణకు డేటా షీటులో రీసర్ఫేసర్ ఒక కోటుకు చదరపు మీటరుకు 0.3 లీటరు అని ఉంటే, 669 చదరపు మీటర్లకు సుమారు 200 లీటర్లు కావాలి, రెండు కోట్లకు 400 లీటర్లు. రంగుకు కూడా ఇదే లెక్క వేసి, అన్ని లీటర్లూ సీలు తీయని డ్రమ్ములలో పనిచోటికి చేరాకే తొలి విడత చెల్లింపు జరిగేలా రాసుకోండి. డ్రమ్ముల బ్యాచ్ నంబర్లు నమోదు చేసి, ఖాళీ డ్రమ్ములను పని పూర్తయ్యేదాకా లోపలే ఉంచండి. మిగతా చెల్లింపులను రెండో నీటి పరీక్షకు, రీసర్ఫేసర్ పూర్తికి, రంగు పూర్తికి, గీతలకు ముడిపెట్టండి.

రంగు ఎంపికకు నా సలహా క్లుప్తం: ఆడే భాగానికి నీలం, బయటి భాగానికి ఆకుపచ్చ. పసుపు బంతి నీలం మీద స్పష్టంగా కనిపిస్తుంది. అమెరికన్ ఓపెన్ 2005లోనూ, ఆస్ట్రేలియన్ ఓపెన్ 2008లోనూ నీలానికి మారాయి. ముదురు రంగులు ఎండకు ఎక్కువ వేడెక్కుతాయన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

ఏడో మెట్టు: కోట్లు లాగడం

మిశ్రమం కలిపే వరుస ముఖ్యం. ముందు చిక్కటి సరుకును యంత్రపు గరిటెతో బాగా తిప్పి, చెప్పిన మేరకు నీళ్ళు పోసి, ఆ తర్వాత ఇసుకను కొద్దికొద్దిగా వేస్తూ తిప్పుతూనే ఉండాలి. బోరు నీటిలో ఉప్పు ఎక్కువగా ఉండే సముదాయాల్లో తాగే నీటిని వాడటం క్షేమం. తయారైన మిశ్రమం దోసెల పిండిలా, జారుతూనే చిక్కగా ఉండాలి. ఇసుక అడుగుకు దిగిపోతుంది కాబట్టి పోసే ప్రతి బకెట్టుకూ ముందు మళ్ళీ కలపాలి. ఈ జాగ్రత్త తప్పితే కోర్టు ఒక చివర నున్నగా, మరో చివర గరుకుగా తయారవుతుంది.

పూయడానికి రోలరు కాదు, వెడల్పాటి రబ్బరు స్క్వీజీ వాడాలి. ఒకరు మిశ్రమాన్ని నేల మీద అడ్డంగా పట్టీలా పోస్తే, స్క్వీజీ పట్టినవారు కాస్త ఏటవాలుగా లాగుతూ, ముందు లాగిన తడి అంచు మీదకు కొంచెం ఎక్కిస్తూ, ఒక చివర నుంచి మరో చివరకు ఆగకుండా వెళ్ళాలి. మధ్యలో భోజనానికి ఆగితే ఆగిన చోట గీత శాశ్వతంగా మిగులుతుంది. కలపడానికి ఒకరు, పోయడానికి ఒకరు, లాగడానికి ఇద్దరు ఉంటేనే ఒక కోర్టును ఎండ ముదరకముందే ముగించగలరు. ఒక కోటు పొడవు వైపుకు లాగితే తర్వాతిది అడ్డంగా లాగాలి.

ప్రతి కోటూ ఆరాక నేల మీద వంగి చూడండి. స్క్వీజీ అంచుల దగ్గర గట్లు కనిపిస్తే గీకి, పొడినంతా ఊడ్చి, గాలితో ఊదాలి. రీసర్ఫేసర్ దశలో వదిలేసిన గట్టు రంగు వేశాక ఇంకా ప్రస్ఫుటంగా కనబడుతుంది. తర్వాతి కోటుకు ముందు బొటనవేలితో గట్టిగా నొక్కి తిప్పండి, పూత కదిలినా, వేలికి అంటినా ఇంకా ఆరలేదు. నీడ పడే భాగం ఎండ భాగం కన్నా ఆలస్యంగా ఆరుతుంది కాబట్టి, వేలి పరీక్ష ఆ పక్కనే చేయాలి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఈ నగరమంతా చెట్ల పూలు రాలుతాయి. కోర్టు పక్కన టబెబుయా చెట్టో, కానుగో ఉంటే కోటు ఆరేదాకా ఒక మనిషిని బ్లోయరుతో నిలబెట్టడం అతిజాగ్రత్త ఏమీ కాదు.

కోర్టులో ఆడే భాగానికి, బయటి భాగానికి వేర్వేరు రంగులైతే, ముందు సరిహద్దు గుర్తు వేసుకుని ఒక్కో రంగునూ పూర్తి చేసుకుంటూ పోతారు. రెండు రంగులు కలిసే చోటు బేస్‌లైను, సైడ్‌లైనుల తెల్ల గీత కిందికి రావాలి.

ఎనిమిదో మెట్టు: గీతలు

టెన్నిస్ కోర్టు పొడవు 23.77 మీటర్లు, డబుల్స్ వెడల్పు 10.97, సింగిల్స్ వెడల్పు 8.23, నెట్టు నుంచి సర్వీసు గీత 6.40 మీటర్లు. మధ్య సర్వీసు గీత మినహా కొలతలన్నీ గీత వెలుపలి అంచుకే తీసుకోవాలి. బేస్‌లైను 10 సెంటీమీటర్ల దాకా ఉండవచ్చు, మధ్య సర్వీసు గీత 5 సెంటీమీటర్లు, మిగతావి 2.5 నుంచి 5 సెంటీమీటర్ల మధ్య ఉండాలి. గుడ్డ టేపు సాగుతుంది, స్టీలు టేపే వాడించండి. సగం కోర్టు మూలలు గుర్తు పెట్టాక మూలమట్టం సరిచూడటానికి ఒక తేలిక మార్గం ఉంది. నెట్టు గీత మీద డబుల్స్ సైడ్‌లైను బిందువు నుంచి ఎదురు బేస్‌లైను మూలకు ఉన్న కర్ణం 16.17 మీటర్లు రావాలి. రెండు కర్ణాలూ అంతే వస్తే కోర్టు మూలలు లంబకోణంలో ఉన్నట్టు.

సుద్ద తాడు కొట్టి, మాస్కింగు టేపు వేసి, టేపు అంచుల వెంట లైన్ సీలరును పలచగా పూసి ఆరనిచ్చి, ఆ తర్వాతే తెల్ల రంగు వేయాలి. గరుకు ఇసుక తేలిన పూత మీద టేపు అంచు కిందికి రంగు పాకకుండా ఆపేది ఆ సీలరే. గీతలకు వాడేది కూడా యాక్రిలిక్ లైను రంగే అయి ఉండాలి. నూనె రంగులు, రోడ్డు గీతల రంగులు కింది పూత కన్నా గట్టిగా బిగుసుకుని దాన్ని చీల్చేస్తాయి.

ఈ మధ్య ప్రతి సముదాయమూ పికిల్‌బాల్ గీతలు కూడా కావాలంటోంది. దాని కోర్టు 13.41 మీటర్ల పొడవు, 6.10 మీటర్ల వెడల్పు, నెట్టుకు ఇరువైపులా 2.13 మీటర్ల వాలీ నిషిద్ధ ప్రాంతం (బంతి నేలను తాకకముందే కొట్టకూడని చోటు). టెన్నిస్ గీతలతో కలవకుండా వాటిని నేపథ్యానికి దగ్గరగా ఉండే లేత రంగులో వేయించండి. ఒకే నేల మీద రెండు ఆటలకు మించి గీతలు వేస్తే ఏ ఆట గీత ఏదో పోల్చుకోలేక ఆడేవారు ఇబ్బంది పడతారు.

ఆ తర్వాత

గీతలు ఆరాక కనీసం రెండు రోజులు ఆట వద్దు, వారం రోజులు ఆగగలిగితే మరీ మంచిది. తర్వాత రోజూ మెత్తని చీపురుతో ఊడవడం, నెలకోసారి తేలికపాటి సబ్బు నీటితో కడగడం చాలు. ఎర్రమట్టి దుమ్ము, రాలిన ఆకులు తడిసి అలాగే పడి ఉంటే మరకలు పడతాయి, పాచి పడుతుంది. సైకిళ్ళు, స్కేట్లు, నల్ల మడమ బూట్లు కోర్టులోకి రాకూడదు. వినాయక చవితికీ, ఉగాదికీ అదే ఖాళీ స్థలమని షామియానా వేయడం మన సముదాయాల అలవాటు. దాన్ని ఆపలేకపోతే కనీసం గుంజల కింద చెక్క పలకలు, కుర్చీల కింద తివాచీ, వంటలకు వేరే చోటు చూడాలి. వేడి గిన్నె పెట్టిన చోట యాక్రిలిక్ మెత్తబడి గుర్తు పడుతుంది, ఇనుప కుర్చీ కాలు లాగిన చోట రీసర్ఫేసర్ దాకా గీత పడుతుంది.

వాడకాన్ని బట్టి 4 నుంచి 8 ఏళ్ళకు మళ్ళీ రంగు కోట్లు అవసరమవుతాయి. బేస్‌లైను వెనుక ఆటగాళ్ళు ఎక్కువగా నిలబడే చోట రంగు పలచబడి కింది రీసర్ఫేసర్ కనిపించడం మొదలైతే ఆ సమయం వచ్చినట్టు. అప్పటిదాకా చిన్న గాయాలు సరిచేయడానికి, పని ముగిసిన రోజే ఒక్కో రంగులో కొంత సరుకును గాలి చొరకుండా మూత బిగించి, బ్యాచ్ నంబరూ తేదీ రాసి, ఎండ తగలని గదిలో పెట్టించుకోండి. వేరే బ్యాచ్ రంగుతో వేసిన అతుకు ఎండలో దూరం నుంచే తెలిసిపోతుంది.